లీగులో మేమాడిన ఒక్క మ్యాచి

నరసరావుపేటలో నేను బి.ఏ. చదివే రోజుల్లో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఏ సంఘానికీ చెందింది కాదు. గుంటూరు వైపు కాలేజీలన్నీ కలిసి ఒక లీగు పెట్టుకుని, వంతుల ప్రకారం ఒకరితో ఒకరు ఆడుకునేవి. మేం మాత్రం ఎవరు పిలిస్తే వాళ్లతో, ఎప్పుడు వీలైతే అప్పుడు ఆడేవాళ్లం. పోలీసులతో ఆడాం. మాచర్ల అవతల డ్యాం పనులవాళ్ల జట్టుతో ఆడాం. గురజాల కుర్రాళ్లతోనైతే లెక్కలేనన్నిసార్లు ఆడాం. దీనికి మా కాలేజీ కమిటీ పెద్దలు స్వతంత్రం అని పేరు పెట్టుకుని మురిసిపోయేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఎందుకు మండదు? లీగులో ఆడినవాళ్లనే యూనివర్సిటీ జట్టుకు ఎంచుకునేవారు. యూనివర్సిటీకి ఆడినవాడికి మద్రాసులో డ్రిల్లు మాస్టరు ట్రైనింగులో సీటు దాదాపు ఖాయం. మా నాన్న వెల్దుర్తి మిషన్ బడిలో పంతులు. ఆ బడి ఆవరణలో రాళ్లు ఏరేసిన జాగాలో, వట్టి కాళ్లతో బంతి తన్నడం నేర్చిన నాటి నుంచీ డ్రిల్లు మాస్టరు కావాలన్నది తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు. చూస్తూ చూస్తూ ఉండగానే చివరి ఏడాది వచ్చేసింది.

మా వైపు మ్యాచిల్లో రిఫరీ పేరుకే ఉండేవాడు. గీత పక్కన రెండు కుర్చీలు వేసేవారు. ఒకదాంట్లో మా పక్షం పెద్దమనిషి, రెండోదాంట్లో అవతలి పక్షం పెద్దమనిషి. తగాదా వస్తే ఆట ఆగేది. ఇద్దరూ లేచి గ్రౌండు మధ్యకు వచ్చి, పొలం గట్టు తగాదా తీర్చినట్టే, సాక్షులను పిలిచి, అటూ ఇటూ విని తీర్పు చెప్పేవారు. ఒకసారి గురజాలలో ఒక గోలు మీద పంచాయతీ పొద్దు వాలేదాకా సాగింది. చివరికి పెద్దమనుషులిద్దరూ ఆలోచించి దాన్ని చెరి సగం చేశారు. అర గోలు మాకు, అర గోలు వాళ్లకు! అందరూ సంతోషంగా ఇళ్లకు పోయారు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మా పక్షాన ఎప్పుడూ కుర్చీలో కూర్చునేది కాలేజీ కమిటీలోని ఒక పెద్ద రైతు. మా గ్రౌండుకు జాగా ఇచ్చింది ఆయనే. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన మాటకు తిరుగులేదు. పంచాయతీలో సొంత తమ్ముడిదే తప్పని నలుగురిలో తేల్చి చెప్పిన మనిషి. మేమంతా ఆయన్ను పెద్దయ్యా అని పిలిచేవాళ్లం.

లీగులో చేరదామని మా డ్రిల్లు మాస్టరు అడిగినప్పుడల్లా కమిటీ కూర్చునేది, కాఫీలు తాగేది, లేచిపోయేది. కమిటీలో ఎలాగూ రెండు పార్టీలు. ఒకళ్లు ఊ అంటే రెండోవాళ్లు ఊహూ అనాల్సిందే. ఆఖరికి ఒకనాడు కెప్టెన్నని నన్ను కూడా పిలిచారు.

“చేరితే మనకొచ్చేదేంది?” అన్నారు పెద్దయ్య. “ఎవురితో ఆడాలో వాళ్లే చెబుతారంట. ఎప్పుడాడాలో వాళ్లే చెబుతారంట. మిరపకోతలప్పుడు మన పిల్లోళ్లు సగం మంది చేలల్లో ఉంటారని వాళ్లకేం తెలుసు?”

“తేదీలు సర్దుకోవచ్చండీ,” అన్నారు మాస్టరు.

“సరే. ఆటలో తగాదా వస్తే?”

“రిఫరీ ఈల వేస్తే అయిపోయినట్టేనండీ.”

“ఎవుర్నీ అడగడా?”

“అడగడండీ.”

“అదేం న్యాయమయ్యా! ఇద్దరు పెద్దమనుషులు కూకోకుండా ఒక్కడు చెబితే తీర్పవుద్దా?”

నేనిక ఆగలేకపోయాను. “పెద్దయ్యా, నాకిది ఆఖరేడు. ఈ ఏడు లీగులో ఆడకపోతే నా బతుకు ఇంతే,” అన్నాను.  ఆయన మంచి మనిషి, అదే వచ్చిన చిక్కు.

“పిల్లోడి కోసం ఒప్పుకుందాం. అయితే జట్టుతో నేను కూడా వస్తా,” అన్నారు.

ఆ చివరి మాటను నేను పట్టించుకోలేదు. ఎగిరి గంతేశాను.

మొదటి మ్యాచి గుంటూరులో. జీవితంలో మొదటిసారి బూట్లు వేసుకుని ఆడాం. మడమలు ఒరుసుకుపోయాయి. యూనివర్సిటీ జట్టును ఎంచేవాళ్లు ఇద్దరు షామియానా కింద కూర్చుని చూస్తున్నారు. ఆట ముగియబోతున్నా ఎవరికీ గోలు రాలేదు. అప్పుడు బంతి నాకు దొరికింది. ఇద్దరిని తప్పించుకుని కొట్టాను. ఆ పోస్టులకు వలలు లేవు. ఎడమ పోస్టుకు లోపలి వైపు రాసుకుంటూ బంతి వెనక్కి దూసుకుపోయింది. రిఫరీ ఈల వేశాడు. అవతలివాళ్లు కూడా మారుమాట లేకుండా బంతి తెచ్చి మధ్యలో పెట్టారు. షామియానా కింద ఒకాయన నన్ను చూపించి పక్కాయనతో ఏదో అంటున్నాడు.

అంతలో పైపంచె సర్దుకుంటూ పెద్దయ్య గ్రౌండులోకి నడిచొస్తున్నారు.

“ఆగండయ్యా,” అన్నారు. “అది గోలు గాదు. బంతి పోస్టు బయట నించి పోయింది. నేను కళ్లారా చూశా. అన్యాయపు గోలు మాకొద్దు.”

ఆయన కూర్చున్న మూల నుంచి అలాగే కనపడి ఉంటుంది. రిఫరీ బయటికి వెళ్లమన్నాడు. “నా పక్షాన తప్పు జరిగితే నేనెట్టా పోతా? మీ పక్షం పెద్దమనిషిని పిలవండి, మాట్లాడుకుందాం,” అన్నారు ఈయన. వాళ్లకు పెద్దమనిషి ఎక్కడున్నాడు, పిలవడానికి! మా మాస్టరు దణ్ణం పెట్టి బతిమాలారు. నేను పెద్దయ్య రెండు చేతులూ పట్టుకుని, “గోలే పెద్దయ్యా, నేను కొట్టా, నాకు తెలుసు, లోపల్నించే పోయింది,” అని ఏడుస్తున్నట్టే చెప్పాను.

“ఆడేవోడి సాక్ష్యం చెల్లదురా. నువ్వాగు,” అన్నారు.

రిఫరీ వాచీ చూసుకుంటూ చాలాసేపు ఓపిక పట్టాడు. తరవాత పొడుగ్గా ఈల వేసి మ్యాచి అవతలివాళ్లకు ఇచ్చేశాడు. పేట నుంచి బస్సులో వచ్చిన మావాళ్లు మాత్రం పెద్దయ్య న్యాయానికి చప్పట్లు కొట్టారు! నేను షామియానా వైపు చూశాను. అప్పటికే ఆ ఇద్దరూ లేచి వెళ్లిపోతున్నారు.

రిఫరీ మాట వినని జట్టు మాకక్కర్లేదని లీగువాళ్లు కబురు పంపారు. అది వచ్చేలోపే మా కమిటీ సమావేశమై, రెండు పార్టీలూ ఒక్క మాట మీద నిలబడి, లీగు నుంచి బయటికి వచ్చేశాయి. అంతకుముందు గానీ ఆ తరవాత గానీ ఆ రెండు పార్టీలూ కలిసిన పని నేను చూడలేదు. మద్రాసు వాళ్లు నన్ను కనీసం ఇంటర్వ్యూకైనా పిలవలేదు. పెద్దయ్యే నొచ్చుకుని, ఎవరితోనో చెప్పి, పంచాయతీ సమితి ఆఫీసులో నాకు గుమాస్తా పని ఇప్పించారు. ఆయన్ను తిట్టుకుందామన్నా నాకు నోరు లేకుండా పోయింది.

కొన్నాళ్లకు ఏదో పని మీద ఆయన మా ఆఫీసుకు వచ్చారు. నా బల్ల ఎదురుగా కూర్చుని, ఆనాటి సంగతి అందరికీ వినపడేలా చెప్పి, ఉన్నట్టుండి గొంతు తగ్గించారు.

“ఒరేయ్, ఇప్పుడు చెప్పు. నిజంగా అది గోలేనా?”

“గోలే పెద్దయ్యా.”

ఆయన మొహం చిన్నబోయింది. “మరి ఆ మాట అప్పుడే చెప్పకపోయావా? నేను వినకపోదునా?” అన్నారు.

నేను బంట్రోతును పిలిచి ఆయనకు టీ తెప్పించాను.