భయంతో మంద కాసిన మా అత్త

మొన్న బుధవారం పొద్దున్నే దలా నుంచి ఫోను వచ్చింది. చేసింది మా మేనత్త పక్కింట్లో ఉండే బర్మా ఆవిడ. పొద్దెక్కినా మేకలు దొడ్లోనే ఉండి అరుస్తుంటే చూడ్డానికి వెళ్ళిందట. అత్త చాప మీద పక్కకి ఒత్తిగిలి ఉందట, ఎంత పిలిచినా పలకలేదట. వినగానే నాకు ముందు తోచింది అత్త గురించి కాదు, మేకల్ని మేతకి ఎవరు వదులుతారా అని. సిగ్గేసింది. కానీ అత్త వినుంటే తప్పు పట్టేది కాదనుకుంటాను.

మా నాన్నకు అక్క ఆమె. వాళ్ళ తండ్రి బతుకుతెరువుకి బర్మా వచ్చి, అహ్లోన్ బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. మామయ్య పోయాక అత్త ఏటి అవతల దలాలో చిన్న జాగా చూసుకుని మేకలు పెంచింది. ఎప్పుడూ పది, పన్నెండు మించనివ్వలేదు. మనుషులతో బర్మా, మేకలతో తెలుగు. మా పిల్లలకన్నా ఆ మేకలకే తెలుగు బాగా తెలుసని నవ్వేవాళ్ళం.

నేను చూసిన మనుషుల్లో అంత భయస్తురాలు ఇంకొకరు లేరు. దొడ్డి గడియ మూడుసార్లు లాగి చూసేది. మేక దగ్గితే అన్నం మానేసేది. మా వాళ్ళందరూ ఆమెను పిరికిదనే అనేవారు, నేనూ అన్నాను.

మా ఆయన ఓడ మీద పనికి వెళ్ళిన ఏడాది, నాలుగు నెలలు గడిచినా అతని కబురు లేదు. ఊళ్ళో రోజులు బాగాలేవు. ఏటికి ఇవతల, తామ్వేలో మా సందులో సైనికులు ఇల్లిల్లూ తిరిగి ఎవరెవరు ఉన్నారని అడుగుతున్నారు. పిల్లలు మా అమ్మ దగ్గర ఉన్నారు. తలుపు చప్పుడైతే నేను దీపం ఆర్పేసి మూలకి చేరేదాన్ని. ఒకనాడు అత్త ఫెర్రీ దిగి వచ్చి, మేకలు ఈనుతున్నాయి, ఒక్కదాన్నే చెయ్యలేకపోతున్నాను, రమ్మంది. నా భయం సంగతి ఎత్తలేదు. తీరా వెళ్తే ఈనబోయేది ఒక్కటే మేక.

చలికాలమంతా కూనల్ని గోనెసంచుల్లో చుట్టి పొయ్యి దగ్గర పెట్టడం నా పని. ఎండలు ముదిరేసరికి చెరువులు ఎండిపోయాయి. మేం తాగే బిందెలోంచే మేకలకూ నీళ్ళు పోసింది. కోసిన వరి మళ్ళలోకి మందను వదిలేముందు, పాము ఉంటుందని నేలంతా కర్రతో కొట్టుకుంటూ తానే ముందు నడిచేది. వానలు పడగానే గిట్టలు కుళ్ళకుండా, ఒక్కో కాలూ వేపాకు కాచిన నీళ్ళతో కడిగించేది. కడుగుతూ ఒకసారి అడిగాను, ఇంత భయం పెట్టుకుని ఎలా బతుకుతున్నావని.

"బయం లేనోడు మందని కాయలేడమ్మీ. మన్ని నమ్ముకున్నది ఉన్నాక బయం పోద్దేటి? దాన్ని కూకోబెట్టకు. పనికి అంపు," అంది.

ఆ వానాకాలంలో ఒక అమావాస్యకి సముద్రపు పోటు ఏట్లోకి ఎక్కింది. పొద్దున్న అత్త కాలవ గట్టు దాకా వెళ్ళి, వెంటనే తిరిగొచ్చింది. గట్టు అడుగున నీళ్ళు చెమరుస్తున్నాయంది. మందను బౌద్ధ మఠం మెరక మీదికి తోలాలంది. దారిలో కనిపించిన ఇంటింటికీ చెప్పింది. ఏటేటా ఇదే మాట అంటావని వాళ్ళు తలుపులు తీయలేదు. పక్కింటావిడ ఒక్కతే తన సామాను మూట కట్టుకుంది.

కాలవ మీద రెండు వెదుళ్ళ వంతెన. ముందు నడిచే ముసలి మేక దాని మీద కాలు పెట్టలేదు. వెనక మంద కుమ్ముకుంటోంది. అత్త దాని మెడ పట్టుకుని లాగింది, బతిమాలింది. చివరికి బురదలో కూలబడిపోయింది.

"నాకు బయంగా ఉంది. నా కాళ్ళు లేవట్లేదు. నువ్వు ముందు నడువమ్మీ."

నాకన్నా పెద్దవాళ్ళు నాతో అలా అనడం అదే మొదటిసారి. నాకు ఈత రాదు. అయినా ఆ మధ్యే పుట్టిన కూనను ఎత్తుకుని వెదుళ్ళ మీదికెక్కాను. కింద నీళ్ళు ఎర్రగా సుడి తిరుగుతున్నాయి. కూన అరిచింది. తల్లి మేక దాని వెనకే వచ్చింది, దాని వెనక ముసలిది, తర్వాత మిగతావి. అందరికన్నా వెనక అత్త, వెదురు పట్టుకుని పాక్కుంటూ వచ్చింది. చూలు మేక ఒకటి మధ్యలో జారింది. అత్త చెయ్యి చాచింది కానీ అందలేదు.

మధ్యాహ్నానికి గట్టు తెగింది. మా దొడ్డి కప్పు దాకా మునిగింది. చాలా ఇళ్ళ పశువులు పోయాయి. మనుషులు చెట్లెక్కి బతికారు. మఠం వసారాలో అత్త ఎవరినీ ఒక్క మాట అనలేదు. తడిసిన మేకల్ని తన కోకతో తుడుస్తూ, పోయిన చూలు మేకను తల్చుకుని లోలోపలే ఏడ్చింది.

వానలు వెనకబట్టాక మా ఆయన ఫోను చేశాడు. నేను తామ్వే తిరిగొచ్చేశాను. నా భయం ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ తలుపు చప్పుడైతే ముందు చెయ్యి దీపం మీదికే పోతుంది. అయితే లేచి వెళ్ళి చూస్తాను. అత్త దగ్గర నేర్చుకున్నది అదే.

మొన్న అత్త దహనం అయ్యాక మందను అమ్మేయమన్నారు చుట్టాలు. నాకు మనసొప్పలేదు. పక్కింటావిడ తానే అడిగింది, విడదీయకుండా చూసుకుంటానని. సరేనన్నాను.

తిరుగు ఫెర్రీ ఎక్కేసరికి వాన మొదలైంది. ఏటి గట్టు మీద ఆవిడ తెల్ల మేకల మందను మేపుతోంది. ఆ పక్కనే తెల్ల కొంగలు వాలాయి. పడవ కదిలింది. కాసేపటికి ఏవి మేకలో, ఏవి కొంగలో తెలియకుండా పోయింది. కొన్ని తెల్లచుక్కలు గట్టు మీంచి లేచి ఏటి మీదికి ఎగిరాయి. మిగిలినవి వానలో తలలు వంచుకుని నిలబడే ఉన్నాయి.