విమానానికి బొట్టు

ఈ పరాయి దేశంలో, ట్రుగనీనా అనే ఊళ్లో మా ఇంటి గరాజ్‌లో, కిట్‌గా తెప్పించుకున్న రెండు సీట్ల విమానాన్ని ఏళ్ల తరబడి నా చేతులతో నేనే బిగించాను. దసరా వచ్చిందంటే తెలిసిన తెలుగు కుటుంబాలన్నీ మా గరాజ్‌లోనే ఉండేవి. కార్లతో పాటు దానికీ ఆయుధ పూజ. నా భార్య రెక్కలకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచేది. అందరూ సీట్లో కూర్చుని ఫొటోలు దిగి, పులిహోర తిని వెళ్లేవారు. రివెట్ల సందుల్లో ఎండిన కుంకుమ తుడుచుకోవడం మర్నాడు నా పని.

చివరికి విమానాన్ని గరాజ్ నుంచి ఎయిర్‌ఫీల్డ్‌లోని హ్యాంగర్‌కి మార్చాను, అది ఎగిరింది. పరీక్షలన్నీ పూర్తయి, పక్కన మనిషిని ఎక్కించుకోవడానికి అనుమతి కూడా వచ్చింది. ఒక్కొక్కరినీ పిలిచాను.

"ఈ వీకెండ్ కిడ్స్‌కి స్విమ్మింగ్ ఉందన్నా, నెక్స్ట్ టైమ్ పక్కా," అన్నాడు అందరికంటే ఎక్కువ ఫొటోలు దిగినవాడు.

ఆఖరికి నా భార్యను అడిగాను.

"కిచెన్‌లో ట్యాప్ మీరు రిపేర్ చేసినప్పుడు చూశాను కదండీ," అంది.

అంత నమ్మకం లేనివాళ్లు అన్నేళ్లు హారతి దేనికిచ్చినట్టు?

పరీక్షల్లో మనిషి బరువు కోసం పక్క సీట్లో కట్టిన ఇసుక బస్తాను నేను తీయలేదు. దానితోనే ఎగురుతున్నాను. మొన్న దసరాకి నా భార్య హ్యాంగర్‌కి వచ్చి, విమానానికి హారతి ఇచ్చి, ఆ బస్తాకి కూడా బొట్టు పెట్టింది.