అట్టముక్క బెంచీ

మా మేడమీద గదిలో అద్దెకుండే పిల్లను వీధంతా అట్టల పిల్ల అంటారు. ఆర్కిటెక్చర్ చదువు. పొద్దస్తమానం అట్టలు కోసి, జిగురు పూసి బొమ్మ ఇళ్లు కడుతుంది. కాలేజీలో రోజు ఎలా గడిచిందో మెట్లమీద చెప్పుల చప్పుడే వంటింట్లో ఉన్న నాకు చెబుతుంది. ఈమధ్య చెప్పులు ఈడ్చుకుంటూ ఎక్కుతోంది.

ఒకనాడు ఉండబట్టలేక పైకి వెళ్లాను. మంచంమీద మా వీధి ఉంది. మా గోడ, దర్జీ కొట్టు, ఎత్తుకి ఎక్కే వీధి చివరనున్న కండక్టరుగారి ఇల్లు, అన్నీ అట్టతోనే. పిల్ల మాత్రం నేలమీద పడుకుంది.

"ఈ ఎత్తు వీధిలో కూర్చునే చోటే లేదు పిన్నిగారూ. ఒక్క బెంచీ చాలు. కానీ వీధివాళ్లంతా సరేనన్న చోటు చూపిస్తేనే మా మాస్టారు ఒప్పుకుంటారు. లేదంటే ఈ ఏడాది చదువు మళ్లీ మొదటికే."

"ఇళ్లు కట్టే చదువుకి బెంచీ గోలేమిటే?"

"మా అమ్మ బట్టల కొట్లో పనిచేస్తుంది. పొద్దంతా నిలబడే ఉంటుంది. అందుకేనేమో, ఎక్కడికెళ్లినా కూర్చునే చోటుందా అనే చూస్తాను," అంది లేవకుండానే.

మర్నాడు ఆ బొమ్మ వీధిని చెరో పక్కా పట్టుకుని ఇంటింటికీ తిప్పాం. అగ్గిపుల్లంత బెంచీని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. దర్జీ "మంచి ఆలోచనమ్మా" అంటూనే దాన్ని వేలితో పక్కింటివైపు జరిపాడు. పక్కింటి టీచరమ్మ "మా పిల్లలు చదువుకోవద్దా?" అని ఇంకాస్త పైకి నెట్టింది. బెంచీ అందరికీ ముద్దే, ఎవరి గుమ్మం ముందు వాళ్లకి మాత్రం చేదు. చివరికి రిటైరైన కండక్టరుగారు, "ఇల్లు చేరాక బెంచీ ఎందుకమ్మా, మంచమే ఉందిగా" అని తోశారు. బెంచీ అట్ట అంచు దాటి కింద పడింది. పిల్ల దాన్ని తీసి జేబులో వేసుకుంది.

తిరిగి వస్తూ మా వంటింటి కిటికీ కింద గోడ దగ్గర ఆగింది. అక్కడ నడుమెత్తున ఒక నల్లటి మరక.

"ఇదేమిటి పిన్నిగారూ?"

"కండక్టరు అన్నయ్యగారి చెయ్యి. సంచీతో ఎత్తెక్కుతూ రోజూ ఇక్కడే గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంటారు. ఎన్నిసార్లు సున్నం వేయించినా అంతే."

పిల్ల మరకను చూసి, నాకేసి చూసింది.

"సరేలే, ఇక్కడే పెట్టు," అన్నాను.

సాయంత్రానికి దర్జీ భార్య నలుగురిని వెంటేసుకుని వచ్చింది. "వదిన కిటికీ కిందా? ఇంకేమైనా ఉందా. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మన గుట్టంతా వినేస్తుంది."

"బెంచీ లేనప్పుడు మాత్రం వినడం లేదా?" అన్నారు అప్పుడే సంచీతో వచ్చి గోడ పట్టుకున్న కండక్టరుగారు.

అందరూ నవ్వారు. నాకూ నవ్వక తప్పలేదు. నవ్వాక ఇక కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

మాస్టారు ఒప్పుకున్నారు. ఆ కబురు చెప్పడానికి పిల్ల వాకిట్లో నిలబడింది. సంతోషించే ఓపిక కూడా లేదు ఆ మొహంలో.

"అయితే బెంచీ ఎప్పుడు వేస్తారే?"

"వెయ్యరు పిన్నిగారూ. ఇది చదువు వరకే. వేయించే ఆఫీసు వేరు. వాళ్లచుట్టూ తిరగాలి."

నేను వంటింట్లోంచి కుర్చీ తెచ్చి మరక పక్కన వేశాను. అది అన్నయ్యగారు వచ్చే వేళ. ఆయనకంటే ముందు పిల్లే అందులో కూలబడి, అట్టలు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఇంతలో ఆయన రానే వచ్చారు. నేను పిల్లను తట్టబోయాను.

"లేపకమ్మా," అన్నారు, అలవాటైన చోట చెయ్యి ఆనించి. "నాకు గోడ ఉందిగా."