దారి చెప్పే మనిషి

శంషాబాద్ విమానాశ్రయంలో దిగేవాళ్లంతా ఒకే తలుపు నుంచి బయటికి రారు. పూలదండలూ సెల్ఫీలూ పెద్ద సూట్‌కేసులూ ఉన్నవాళ్లు ముందు తలుపు నుంచి వస్తారు. దుబాయిలోనో మస్కట్‌లోనో పనికి పోయి అక్కడే కన్నుమూసినవాళ్లు పెట్టెల్లో, కార్గో గేటు నుంచి వస్తారు. కాగితాలన్నీ తెమిలి వాళ్లు బయల్దేరేసరికి ఒక్కోసారి నెలలు గడుస్తాయి. వాళ్లను ఊళ్లకు చేర్చే బండ్లు ఆ గేటు బయట వరసగా ఆగి ఉంటాయి. అందులో ఒక బండిని చాలా ఏళ్లు గోవర్ధన్ నడిపాడు.

గోవర్ధన్ వసపిట్ట. ఊరికే ఉండమంటే ఉండలేడు. టీకొట్టు దగ్గర, పెట్రోలు బంకు దగ్గర, కూరగాయల బండి దగ్గర ఎవరో ఒకరిని పట్టుకుని కబుర్లు మొదలుపెట్టేవాడు. పక్క బండి నడిపే రాములు అతని జతగాడు. మాటల్లో మాత్రం అతనికి పూర్తి వ్యతిరేకం, అడిగినదానికి కూడా సగమే చెప్పే రకం. "మా గోవర్ధనన్నకు బతికున్నోళ్లు చాలరు, సచ్చినోళ్లతోటి గూడ ముచ్చట పెడ్తడు" అని రాములు నవ్వేవాడు. విన్నవాళ్లు వేళాకోళం అనుకునేవారు. కానీ అది పచ్చి నిజం.

పెట్టె బండిలోకి ఎక్కాక మిగతా డ్రైవర్లు తలుపు వేసి, ఒక టీ తాగి, బండి తీస్తారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. గోవర్ధన్ మాత్రం చెప్పులు విడిచి పెట్టె మీద అరచెయ్యి ఆనించేవాడు. "వచ్చినవా తమ్మీ? ఇగ పరేషాన్ గాకు. ఇంటికి పోతున్నం" అనేవాడు. కాగితంలో ఉన్న వయసును బట్టి తమ్మీ, అన్నా, బాపూ అని పిలుపు మారేది. చుట్టాలెవరైనా గేటు దగ్గరికి వస్తే వాళ్లే బండిలో కూర్చుని ఏడుస్తూ వచ్చేవారు, అప్పుడు గోవర్ధన్ నోరు మెదిపేవాడు కాదు. రాలేని ఇళ్లు కూడా ఉంటాయి. ముసలి తల్లిదండ్రులు, చేతిపిల్లతో ఉన్న భార్య, అంత దూరం తోడుగా రావడానికి ఎవరూ లేనివాళ్లు. అలాంటి పెట్టెలకు దారి పొడుగునా గోవర్ధనే చుట్టం.

ఈ సంగతి అతని భార్య శ్రీలతకు పెళ్లయిన ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు. ఒకసారి సిద్దిపేటలో వాళ్లక్క ఇంటికి పోవాల్సి వచ్చింది. తను అటే పోతున్నానని, బస్సు ఎందుకని గోవర్ధన్ ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. వెనక పెట్టె ఉందని ఆమెకు తెలుసు. కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకుంటూ పోదామనుకుంది. మొగుడు పోనిస్తేగా.

"ఔటర్ ఎక్కినం తమ్మీ. నువ్వు పోయినప్పుడు గిన్ని బిల్డింగులు లేకుండె." కాసేపటికి, "శామీర్‌పేట వచ్చింది. చెరువు జూడు, ఈసారి నిండి మత్తడి దుంకుతున్నది." ఇంకాసేపటికి, "గజ్వేల్ దాటినం. ఇగ ఎంతసేపు?" అద్దంలోంచి వెనక్కి చూస్తూ, జవాబు కోసం కాస్త ఆగుతూ చెబుతున్నాడు. శ్రీలత సిద్దిపేటలో దిగీ దిగకముందే విరుచుకుపడింది.

"ఏమయ్యా, పట్టపగలు నీకు పిచ్చి గిట్ల లేసిందా? సచ్చిన మనిషికి చెరువు సూపిస్తున్నవు. ఆయనకు ఇనవడ్తదా?"

"ఇనవడ్తదో లేదో నాకేం ఎరుక?" అన్నాడు గోవర్ధన్. "పాపం ఏండ్లసంది ఊరికి రాలే. రోడ్లు మారినయ్, బ్రిడ్జిలు పడ్డయ్. జర దారి చెప్పకపోతే ఎట్ల పోల్చుకుంటడు?"

 బండి మలుపు తిరిగేదాకా శ్రీలత బస్టాండు ముందు నిలబడి చూసింది. ఇన్నేళ్లు పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి, తొక్కులో ఉప్పు తక్కువైందని అలిగే మనిషి, ఆ రోజు ఆమెకు గుడిలో దేవుణ్ని చూసినట్టు కనిపించాడు.  ఆ మాట అతనితో ఎప్పుడూ అనలేదు. అంటే నెత్తికెక్కుతాడని భయం.

మొన్న మాఘమాసంలో ఒక పొద్దున గోవర్ధన్ కడుపునిండా తిని, ఇంకొంచెం తొక్కు వేయించుకుని, జగిత్యాల దిక్కు పోతున్నానని చెప్పి వెళ్లాడు. ఛాతీలో నొప్పి అనలేదు, ఆయాసం అనలేదు. మధ్యాహ్నం దాటాక అతని ఫోన్ నుంచే ఫోన్ వచ్చింది. శ్రీలత ఎత్తి, "ఎక్కడిదాక వచ్చినవ్?" అంది. అవతల వినిపించింది ఎవరో పరాయి మనిషి గొంతు.

ఆ రోజు రాములు కామారెడ్డి దిక్కు పోయి ఉన్నాడు. వార్త తెలియగానే బండిని జగిత్యాల దవాఖానకు తిప్పాడు. అప్పటికే అంతా అయిపోయింది. గోవర్ధన్‌ను దవాఖానకు తెచ్చిన పల్లెవాళ్లు రాములుకు అప్పజెప్పి, తమ ఊళ్లో చావు ఉందని తిరిగి వెళ్లిపోయారు. రాములు తన గోవర్ధనన్నను శంషాబాద్‌కు తీసుకొచ్చాడు. దారి పొడుగునా ఏదైనా మాట్లాడుదామని చూశాడట, ఒక్క మాట రాలేదట.

వాకిట్లో జనం పట్టలేదు. క్యాబ్ డ్రైవర్లు, కార్గో హమాలీలు, గోదాముల వాచ్‌మన్లు, పహాడీ షరీఫ్ నుంచి టైర్ల షాపు ముసలాయన, ఎవరెవరో వచ్చారు. శ్రీలత ఎవరినీ చూడలేదు. రాములునే అడిగింది.

"రాములూ, ఆఖర్ల ఆయన పక్కన ఎవరున్నరు?"

పల్లెవాళ్లు రాములుకు చెప్పింది ఒక్కటే, వాకిట్లో కూలబడ్డాడని. పరాయి వాకిట్లో, మట్టిలో కూలబడ్డాడని ఈమెతో ఎట్లా చెప్పడం? రాములు తనకు తోచిన మంచి మాట ఒకటి అల్లాడు. "బండిల సీట్ల కూసున్నకాడనే నిద్రవట్టినట్టు పోయిండు వదినా. ఏం తిప్పలపడలే."

పక్కనున్నవాళ్లు పుణ్యాత్ముడు అన్నారు. శ్రీలతకు మాత్రం ఆ మాట గొంతులో ముల్లయి కూర్చుంది. బండిలో, సీట్లో, అంటే ఒక్కడే. ఎవరి పెట్టెనూ ఒంటరిగా పోనివ్వని మనిషి తాను మాత్రం పలకరించే దిక్కు లేకుండా పోయాడు. అక్కడితో ఆమె ఏడుపు ఆగిపోయింది. దినాలు జరిగాయి, కూతురు పది రోజులుండి అత్తగారింటికి వెళ్లింది, చుట్టాలు వెళ్లిపోయారు. ఆమె మాత్రం కంట నీరు లేకుండా మనసులో ఆ సీటునే చూస్తూ ఉండిపోయింది.

ఎదురింటి చాముండేశ్వరి గారు రోజూ క్యారియర్ తెచ్చేవారు. వాళ్లది తెనాలి దగ్గర. ప్లాటు కొని, ఇల్లు కట్టుకుని ఇక్కడ స్థిరపడ్డారు. వచ్చిన కొత్తల్లో ఆవిడకూ ఈ బండికీ పడేది కాదు. "పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా అదే కనిపిస్తోందండీ గోవర్ధన్ గారూ" అంటే, "తప్పైపోయిందమ్మా" అని అతను బండిని సందు చివర ఖాళీ ప్లాటు పక్కకు మార్చాడు. ఇప్పుడు ఆవిడే ఆ ఖాళీ ప్లాటు వైపు చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు.

"నీకో సంగతి చెప్పాలి శ్రీలతా" అన్నారు ఒక రోజు. "మావారికి మతిమరుపు ముదిరిన సంగతి నీకు తెలుసుగా."

తెలుసు. జగన్మోహనరావు గారు సాయంత్రం నడకకు వెళ్లి ఇల్లు మరచిపోయేవారు. ఆయన్ని మాత్రం ఏమనగలం, ఆ కాలనీలో ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మతి సరిగ్గా ఉన్నవాళ్లే పక్కింటి గేటు తీసి నాలిక కరుచుకుంటారు.

"గోదాముల దగ్గర దిక్కులు చూస్తుంటే మీవారే తీసుకొచ్చేవారు. నేనైతే చెయ్యి పట్టుకుని లాక్కొస్తాను, ఆయన చిన్నబుచ్చుకుంటారు. మీవారు ఒక్కనాడూ చెయ్యి పట్టుకోలేదమ్మా. పక్కన నడుస్తూ, 'సార్, నీళ్ల ట్యాంకు వచ్చింది, ఇగ మనం ఎటు తిరగాలె?' అని ఈయన్నే అడిగేవారు. ఈయన కాస్త ఆలోచించి చూపించేవారు. గేటు దగ్గరికి వచ్చేసరికి ఈయనే ఇల్లు కనుక్కున్నట్టు ఎంత గర్వమో! ఇప్పుడు సందు మొదట్లో ఆగిపోయి, అతను రాలేదేం అంటున్నారు. ఏం చెప్పమంటావు?"

 ఈ సంగతి కూడా శ్రీలతకు తెలియదు. ఎంత మనిషివయ్యా నువ్వు అనుకుంది. అనుకున్న కొద్దీ గొంతులో ముల్లు ఇంకా లోతుకు దిగింది.

మాసికం ఇంకా రాకముందే ఒక ఉదయం రాములు బండి వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి తువ్వాలు భుజాన వేసుకున్న ఒక ముసలాయన, ఆయన వెనకే ఒక ముసలమ్మ దిగారు. రాములు తల వంచుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు.

"వదినా, వీళ్లు జగిత్యాల దిక్కోళ్లు. రాజయ్య, లచ్చమ్మ. అన్న ఆఖరుసారి తెచ్చిన పెట్టె వీళ్ల కొడుకుదే. కార్గో గేటు కాడికి వచ్చి అన్న ఇల్లు అడుగుతున్నరు. నేను నీకు అబద్ధం చెప్పిన వదినా. వీళ్లు చెప్తరు ఇను."

క్యారియర్ ఇవ్వడానికి వచ్చి ఉన్న చాముండేశ్వరి గారు లోపలినుంచి మంచినీళ్లు తెచ్చారు. లచ్చమ్మ నీళ్లు ముట్టలేదు. శ్రీలత ఎదురుగా నేల మీద చతికిలబడి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"బిడ్డా, ఆయన మా వాకిట్లనే పోయిండు. పెట్టె దించిండు. మూత తీసి నా కొడుకు మొఖం నేను సూసేదాక పక్కకు నిలవడ్డడు. 'నీ కొడుకును తెచ్చిన అవ్వా, తొవ్వ పొడుగూత ఇద్దరం ముచ్చట పెట్టుకుంట వచ్చినం' అన్నడు. నేను మొత్తుకుంటున్న, ఏం సమజ్ గాలే. అటెన్క అరుగు మీద కూసోని మంచినీళ్లు అడిగిండు. నీళ్లు తెచ్చేలోపట్నే ఒరిగిండు."

 ముసలమ్మ శ్రీలత చేతులు వదలలేదు.

"నేను నా కొడుకు పెట్టె ఇడిసి ఉరికిన. ఆయన తల నా ఒళ్లె వెట్టుకున్న. పేరు తెల్వదు, కొడుకా అని పిలిసిన. కండ్లు తెరిసి నా దిక్కే సూసిండు. నోట్లె నీళ్లు పోసిన, రెండు గుటకలు మింగిండు. నా ఒళ్లెనే పానం వోయింది. మావోళ్లు పానం ఉన్నదేమోనని దవాఖానకు ఉరికిండ్రు గని, నాకు ఎరుకైంది."

రాజయ్య అందుకున్నాడు. "మా పిలగాన్ని గట్లనే వాకిట్ల ఇడిసి ఊరంత ఈయనెంబడి పోయింది. ఆ దినం మావోన్ని ఎత్తలే. కాయితాల కోసం రెండు నెలలు ఆగినోడు ఒక్క దినం ఆగడా అన్న. మా గడపల పోయిండు గద, మా కొడుకుతోటే ఆయనకు గూడ దినాలు జేసినం. పేరు తెల్వకపాయె, పెద్దకొడుకు అని చెప్పినం."

 కొడుకు శవం వాకిట్లో పెట్టుకున్న తల్లి లేచి, పరాయివాడి తలను ఒళ్లోకి తీసుకుంది. ఇట్లాంటి మనుషులు కూడా ఈ నేల మీద ఉన్నారా అన్నట్టు చాముండేశ్వరి గారు గోడకు ఆనుకుని నిలబడిపోయారు. రాములు ముఖం అటు తిప్పుకున్నాడు.

"గింత దూరం ఎందుకొచ్చినవవ్వా?" అంది శ్రీలత. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నీ దుఃఖమే నీకు గంత ఉండంగ."

"నా కొడుకు పానం వోంగ వాని తల ఎవ్వల ఒళ్లె ఉన్నదో నాకు తెల్వది బిడ్డా" అంది లచ్చమ్మ. "అసలు పక్కన ఎవ్వలన్న ఉన్నరో, గుక్కెడు నీళ్లు పోసిండ్రో లేదో తెల్వది. దేశంగాని దేశం, ఎవ్వల్ని అడగాలె? అది నన్ను పండనిస్తలేదు, తిననిస్తలేదు. నీకు గా బాధ ఉండొద్దని వచ్చిన. నీకన్న తెల్వాలె."

శ్రీలత ముందుకు వంగి, ఆ ఒళ్లో తల పెట్టుకుంది. ఇన్నాళ్లూ ఆగిన ఏడుపు ఒక్కసారిగా పొంగి వచ్చింది. లచ్చమ్మ ఆమె వీపు నిమురుతూ, మొదట ఆమె కోసం, తర్వాత తన కొడుకు కోసం ఏడ్చింది.