నల్లగుడ్డు మీది అద్దం

నేను గెలిచిన బేరాలు చాలానే ఉన్నాయి గానీ, అన్నిటికన్నా పెద్దది మా నాయన కండ్ల బేరం. అవతలామె ఎనిమిదిన్నర అనింది. నేను పన్నెండు అన్నాను. ఆమె తొమ్మిదికి వచ్చింది, పదికి వచ్చింది, పదకొండు దగ్గర కాసేపు గట్టిగా నిలబడింది. నేను కదల్లేదు. చివరికి పన్నెండుకే ఒప్పించినాను. పుంగనూరు బజారులో పుట్టి పెరిగినవాణ్ణి, ఫోన్లో గొంతు వింటే చాలు, అవతలి మనిషి ఎంతవరకు దిగుతారో చెప్పేస్తాను. అంత తెలివి నాది.

మా నాయనది వాచీలు, కళ్ళద్దాల అంగడి. ముగ్గురు లోపల నిలబడితే నాలుగో మనిషి వీధిలో ఉండాల్సిందే. ఒకపక్క వాచీల రిపేరి, ఇంకోపక్క చత్వారం అద్దాలు. నలభై దాటినవాళ్ళు వచ్చి "పేపరు చెయ్యి చాపి పట్టుకుంటే గానీ కనపడలేదప్పా" అంటే, నాయన వాళ్ళ చేతికి సూదీ దారమూ ఇచ్చి ఒక్కో జత పెట్టి చూసేవాడు. ఏ జతతో దారం ఎక్కితే ఆ జత వాళ్ళది. "కంటి లోపల లెన్సని ఒకటుంటాదప్పా. వయసులో మెత్తగా ఉంటాది, దగ్గరిది చూసేటప్పుడు తనే ఉబ్బుతాది. నలభై దాటితే గట్టిపడి, ఉబ్బమన్నా ఉబ్బదు. అంతే, జబ్బేం కాదు" అని ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. చెప్పడం ఆయన పని, ధర నా పని. నా పదేళ్ళప్పటి నుంచీ ధర నాకే వదిలేసినాడు.

గల్లాపెట్టె పక్కన బత్తాయంత కంటి బొమ్మ ఒకటి ఉండేది. అద్దాల ఏజెంటు ఎవరో ఇచ్చిపోయినాడు. విప్పితే తెల్లగుడ్డు రెండు చిప్పలుగా వచ్చేది. లోపల నల్లగుడ్డు, దాని నడుమ వెలుగు దూరే రంధ్రం, అదే పాప. వెనక లెన్సు, ఇంకా వెనక ఎర్రటి తెర, ఆ తెర నుంచి మెదడుకు పోయే నరం తోకలాగా. అన్నిటికన్నా ముందు, నల్లగుడ్డు మీద బోర్లించినట్టు, నీళ్ళలాంటి చిన్న మూత. నాలుగో క్లాసులో నేను ఆ మూతను ఎత్తుకుపోయి గోలీలకు మార్చుకున్నాను. నాలుగిస్తానన్నవాణ్ణి ఆరుకు తెచ్చినాను.

నాయన కొట్టలేదు. ఉబ్బెత్తు వాచీ అద్దం ఒకటి వెతికి ఆ చోట అతికించినాడు. అతికిస్తానే చెప్పినాడు. "వాచీ అద్దం తెల్లబడితే ముండ్లు తిరిగేది ఆగుతాదా? లోపలంతా బాగానే నడుస్తా ఉంటాది. టైమే కనపడదు. కంట్లో పువ్వు పడింది అంటారే, అదే ఇది. అద్దం మారిస్తే సరి. అయితే ఈ అద్దం ఏ కంపెనీవాడూ చేయలేడురా. ఇంకో మనిషే ఇయ్యాల, అదీ వాడు పోయినాక."

నాకు అర్థమైంది ఒకటే, అమ్మడానికి పనికిరాని సరుకు అని.

తర్వాత నేను మదనపల్లెలో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్నాను. రోజూ పోయి రావడమే గానీ కాపురం పుంగనూరులో నాయనతోనే. ఆయన ప్రతి ఏడూ కుప్పంలో జరిగే కంటి క్యాంపుకు చత్వారం అద్దాల పెట్టె మోసుకొని పోయేవాడు. ఒకసారి రామకుప్పం పక్క నుంచి ఒకామె వచ్చిందంట. రాగి కోతలో ఆకు కొస కంటికి తగిలితే ఎవరో ఏదో ఆకు పసరు పిండినారు. కుడికంట్లో పువ్వు పడిపోయింది. నాయన పెట్టెలోని అద్దాలన్నీ ఒక్కొక్కటిగా పెట్టుకొని చూసి, "ఇంగేం లేవా సామీ?" అని అడిగిందంట.

ఆ సాయంత్రం నాయన గల్లాపెట్టె మీద ఒక కార్డు పెట్టినాడు. తను పోయినాక కండ్లు ఇస్తానని సంతకం చేసిన కార్డు.

"రెండూ యాల నాయనా? ఒకటిస్తే చాలదా?" అన్నాను, అలవాటు కొద్దీ.

"ఒకటి మిగిలిచ్చుకోని ఏం చేస్తావురా, అంగట్లో పెట్టి అమ్ముతావా?" అని నవ్వినాడు. తర్వాత నవ్వు ఆపి, "నేను పోతానే ఫోన్ చేయాల్సింది నువ్వే. ఇంకెవురికీ పట్టదు. మాటియ్యి" అన్నాడు.

ఇచ్చినాను. మాటకు ధర లేదు కాబట్టి సులభంగానే ఇచ్చినాను.

రెండేండ్ల కిందట, ఎండాకాలం, ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకు నాయన మంచం మీదే పోయినాడు. ముందురోజు రాత్రి అన్నం తిని, వాచీకి కీ ఇచ్చి పడుకున్న మనిషి. డాక్టరు వచ్చి చూసి తల ఊపినాడు. ఏడుంపావుకు కార్డు మీద ఉండే కంటి బ్యాంకు నంబరుకు ఫోన్ చేసినాను. ఇది మాత్రం నిజంగా చేసినాను.

ఫోనెత్తిన అమ్మాయిది చిన్న గొంతు. "సార్, ముందు ఫ్యాను ఆపేయండి. రెప్పలు మూసి పైన తడి దూది పెట్టండి. తల కింద రెండు దిండ్లు పెట్టండి. మేం మదనపల్లె నుంచి ఎనిమిదిన్నరకంతా వచ్చేస్తాం. పైనుండే అద్దం మాత్రమే తీస్తాం సార్, ముఖం ఏమీ మారదు." నా భార్య ఫ్యాను ఆపింది. నేను దూది తడిపి పెట్టినాను. అంతవరకూ నేను మంచి కొడుకునే.

వాకిట్లో కుర్చీలు వేస్తాంటే ఎదురంగడి గుడ్డల వ్యాపారి వచ్చినాడు. నా చేతిలో ఫోన్ చూసి, భుజం మీద చెయ్యి వేసి, "ఏమప్పా, ఈ పొద్దు కూడా ఏదో బేరం జరుగుతాండాదే" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు పాపం. నేను మాత్రం ఫోన్ జేబులో పెట్టేసినాను. వీధినిండా జనం ఉన్నప్పుడు డబ్బా పట్టుకొని ఇద్దరు లోపలికి పోయి తలుపేసుకుంటే, ఈ బజారు ఏమంటాదో నాకు తెలుసు. 'వాడు నాయన కండ్లు కూడా వదల్లేదు, ఎంతకిచ్చినాడో ఏమో.' ఎట్ల తెలుసంటే, ఇంకొకడి ఇంట్లో అయితే ఆ మాట మొదట అనేది నేనే.

మళ్ళీ ఫోన్ చేసినాను. "అమ్మా, మా మేనత్త వెంకటగిరికోట నుంచి వస్తాండాది. ఆమె చూసేదాకా ఆగాల." అత్త నిజంగా అన్నది "నేనొచ్చేదాకా ఎత్తొద్దండ్రా" అని మాత్రమే. కండ్ల గురించి ఒక్క మాట లేదు. అయినా ఆమె పేరు మీద బేరం మొదలుపెట్టినాను. మధ్యాహ్నానికి జనం పలచబడతారని నా లెక్క.

"లేటయ్యేకొద్దీ బాగుండవు సార్. ఎండ చూస్తే..."

"ఆరు గంటలు టైముందని మీ కార్డు మీదే ఉండాదే?"

"అది చివరి హద్దు సార్."

"హద్దు లోపలే గదమ్మా నేనడిగేది."

ఇట్ల సాగి పన్నెండు దగ్గర తెగింది.

తొమ్మిదికల్లా హాలు నిండిపోయింది. ఉక్కకు తట్టుకోలేక ఎవరో ఫ్యాను స్విచ్చి నొక్కినారు. పూలదండ వేయడానికి వచ్చినామె "ముఖం కనపడనీండమ్మా" అని దూది తీసి పక్కన పెట్టింది. నాయన రెప్పలు పూర్తిగా మూసుకోలేదు. సన్నటి గీతంత తెరుచుకొని, ఆ గీత మీదికి గాలి కొడతాంది.

నా భార్య వంగి చెవిలో అనింది. "ఆ పిల్ల ఫ్యాను ఆపమనింది గదా."

"అందరూ చూస్తాండారు. ఉండు."

"దూదన్నా పెట్టండి."

"ఉండంటి గదా."

స్విచ్చి నాకు నాలుగడుగుల దూరం. నేను కూర్చున్న చోటి నుంచి ఆ రెప్పల సందు కనపడతానే ఉంది. చూపు తిప్పుకున్నాను. నాయన రెప్ప వేయలేడు, నేను మాత్రం వేస్తా కూర్చున్నాను.

పదకొండున్నరకు అత్త వచ్చి నాయన మీద పడి ఏడ్చింది. పన్నెండుకు ఆ అమ్మాయీ ఇంకొకాయనా ఐసు డబ్బాతో వచ్చినారు. వాళ్ళను వాకిట్లోనే నిలబెట్టినాను. అత్త చూసింది.

"ఎవుర్రా వాళ్ళు?"

"కండ్లకోసం వచ్చినారత్తా. నువ్వు చూసినాక అని..."

"నేను చూసినాకా?" అత్త ఏడుపు ఆపేసింది. "మా యన్న నాకెప్పుడో సెప్పినాడు గదరా, ఇస్తానని. వాళ్ళు తీసినాక ముఖం యాడికి పోతాది? నేనొచ్చింది ముఖం సూసేదానికి. పొద్దున్నుంచీ నాకోసమా ఆపినావు?"

నేను వాకిట్లోని ఐసు డబ్బా వైపు చూసినాను.

"నన్నొక మాట అడిగింటే నీ నోట్లో ముత్యాలు రాలేటివా?" అని, తనే లేచి జనాన్ని బయటికి పంపింది. ఫ్యాను స్విచ్చి కూడా ఆమే ఆపింది. ఎవ్వరూ ఏమీ అనలేదు. గుడ్డల వ్యాపారి రెండు చేతులూ జోడించి పక్కకు జరిగినాడు.

ఇరవై నిమిషాల్లో వాళ్ళ పని అయిపోయింది. ముఖం ముఖంలాగే ఉంది. ఆ అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. కోప్పడింటే బాగుండేది. నెమ్మదిగా చెప్పింది. "ఈ అద్దంలో రక్తం పారదు సార్, అందుకే అంత తేటగా ఉంటుంది. కావాల్సిన గాలి కూడా కన్నీటి తడిలో నుంచే తీసుకుంటుంది. లోపలిపక్క ఒక వరస కణాలుంటాయి, రాత్రీ పగలూ నీళ్ళు బయటికి తోడుతుంటాయి. పుట్టినప్పుడు వచ్చినవే, పోతే మళ్ళీ పుట్టవు. మనిషి పోయినాక తోడేది తగ్గిపోతుంది. వేడికి ఇంకా తొందరగా పోతాయి. పైన ఎండింది, లోపల నీరు పట్టింది. చూద్దాం సార్."

వారం తర్వాత ఫోన్ చేసింది. రెండూ ఎవరికీ అమర్చేదానికి పనికిరాలేదు. నేర్చుకునే డాక్టర్లకు ఇచ్చినారంట. "వృథా కాలేదు సార్, థ్యాంక్స్" అనింది. నా బతుకులో ఎవరూ నాకు అంత ఉదారంగా తగ్గించి ఇవ్వలేదు.

మరుసటేడు నాయన పెట్టె నేను మోసుకొని కుప్పం క్యాంపుకు పోయినాను. రామకుప్పం పక్కామె వచ్చింది. కుడికంట్లో పువ్వు అట్లనే ఉంది. నన్ను పోలికను బట్టి పట్టేసింది.

"మీ నాయన కండ్లిచ్చినాడంట గదా సామీ? మారాజు. ఎవురికి పెట్టినారో, వాళ్ళు ఈ పొద్దు లోకం సూస్తాంటారు."

"ఇచ్చినాడమ్మా" అన్నాను. అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆమె నా చెయ్యి తన తలకు ఆనించుకుంది. నేను ఆ చేతిని పెట్టె కిందికి దాచుకున్నాను.

నేనూ కార్డు రాసిచ్చినాను. దాన్ని ఈ బిల్లులో తగ్గింపు కింద చూపించడం లేదు.

బిల్లు ఇది. నాయన పోయింది ఆరున్నరకు. ఏడుంపావు దాకా ఏడ్చినాము, ఆ ముప్పావుగంట ఎవరి మీదా వేయను. మదనపల్లె నుంచి రావడానికి గంటంపావు, అది దూరానిది. ఎనిమిదిన్నర నుంచి పన్నెండు దాకా మూడున్నర గంటలు నావి. తొమ్మిది నుంచి తిరిగిన ఫ్యానూ నాదే, తీసిన దూదీ నాదే, ఎవరి చేత్తో జరిగినా సరే. అత్త పేరున రాయడానికి ఒక్క నిమిషం లేదు. బజారు పేరున రాయాలని చాలా వెతికినాను, అక్కడా ఏమీ లేదు. నాయన ఇచ్చినవి రెండు అద్దాలు. చేరాల్సిన చోటికి చేరినవి, ఒక్కటీ లేదు.