సార్ పేరుతో నేను రాసిన ఉత్తరం

బిజినెస్ స్కూలుకు అప్లికేషన్ పెట్టుకోవడానికి అంతకంటే దిక్కుమాలిన కాలం ఉండదు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలం అది. బొంతపల్లి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, క్వాలిటీ ల్యాబులో నేను కెమిస్టుని. ఊళ్ళన్నీ మూతబడ్డా మా కంపెనీ బస్సు మాత్రం ఆగలేదు. చౌరస్తాలో పోలీసులు డ్రైవరు చూపించిన కాగితం చూసి వదిలేసేవారు. ఖాళీగా ఉంచాలని స్టిక్కర్లు అంటించిన సీట్లలో కూడా మేం కూర్చునేవాళ్ళం.

నాకు ఆ ల్యాబు నుంచి బయటపడాలని ఉండేది. ఐదేళ్ళుగా అవే శాంపిళ్ళు, జిన్నారంలో మా ఇంటికి వెళ్ళి తలంటుకున్నా వదలని అదే సాల్వెంట్ వాసన. పైగా ఆ ఏడు ప్రవేశపరీక్ష ఇంటి నుంచే రాయనిచ్చారు. జనం ప్రాణభయంలో ఉన్నారు కాబట్టి పోటీ తక్కువుంటుందని కూడా అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్న మాట నిజం.

పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. వ్యాసాలు రాశాను. మిగిలింది పై అధికారి పంపాల్సిన సిఫార్సు ఉత్తరం. అది అందకపోతే అప్లికేషన్ మొత్తం చెల్లదు. మా ల్యాబు మేనేజరు సార్‌ను అడిగితే, "నువ్వే రాసుకొని రామ్మా, నేను చూసి పంపిస్త" అన్నారు. మా దగ్గర అందరూ చేసేది అదే. కిందివాళ్ళు రాస్తారు, పైవాళ్ళు సంతకం పెడతారు.

నన్ను నేను పొగుడుకోవడం నాకు చేతకాలేదు. పిల్లల్ని నోరారా మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని భయపడే ఇంట్లో పుట్టాను. మూడు రోజులు తంటాలు పడి పేజీ నింపితే, సార్ చదివి పెదవి విరిచారు.

"ఏంది గిది? పెండ్లి సంబంధానికి రాసినట్టున్నది. ఒక్క ముక్క రాయి. ఈ పిల్ల దొంగ రీడింగు రాయదు అని. మిగిలిందంతా ఎవలైనా రాస్తరు."

పరీక్ష చెయ్యకుండానే అంకెలు వేసేవాళ్ళుండే మా పనిలో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. ఆ వాక్యం చేర్చాను. రోజంతా లోలోపల పొంగిపోతూ తిరిగాను.

తర్వాతి వారం సార్ డ్యూటీకి రాలేదు. ముందు జ్వరమన్నారు, తర్వాత పాజిటివ్ అన్నారు. అప్పటికే ల్యాబులో నలుగురు జ్వరాలతో రావడం లేదు, ఉన్నవాళ్ళం రెండేసి షిఫ్టులు చేస్తున్నాం. ఇంతలో ఉత్తరం పంపాల్సిన ఆఖరి రోజు వచ్చేసింది. సాయంత్రం ఐదింటి దాకా గడువు. ఒకసారి ఇచ్చిన అధికారి పేరు మార్చడానికి లేదు. స్కూలు పంపిన లింకు సార్ మెయిల్లో అలాగే పడి ఉంది.

ఆ మెయిల్ పాస్‌వర్డ్ నాకు తెలుసు. సార్ పంపే మెయిళ్ళు సగం నేనే టైపు చేసేదాన్ని. భోజనాల వేళ ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని లింకు తెరిచాను, ఉత్తరం పెట్టాను. ఇవన్నీ నా సొంత మాటలేనని సార్ ఒప్పుకోవాల్సిన చోట నేనే టిక్కు పెట్టాను. దొంగ రీడింగు రాయని పిల్లను కదా! రాసింది ఆయనేనని తేల్చుకోవడానికి ఓటీపీ ఒకటి సార్ ఫోనుకు వెళ్ళింది.

ఆ ఫోనుకే చేశాను. మొదటి రింగు పూర్తి కాకముందే సార్ భార్య ఎత్తారు. "హలో, చెప్పుండ్రి సార్, చెప్పుండ్రి" అన్నారు ఆత్రంగా. నేనని చెప్పేసరికి ఆ గొంతు నీరుగారిపోయింది.

"సార్ ఎట్లున్నరు ఆంటీ?"

"దమ్ము ఆడుతలేదు బిడ్డా. ఇంట్లనే సిలిండరు పెట్టినం. ఏ దవఖానకు చేసినా బెడ్డు లేదంటున్నరు. ఒకాయన చూసి ఫోన్ చేస్త అన్నడు."

"తగ్గుతది ఆంటీ, పరేషాన్ కాకుండ్రి" అన్నాను. ఆ వెంటనే, "సార్ ఫోనుకు ఒక నంబరు వచ్చి ఉంటది, జెర చూసి చెప్తరా?" అన్నాను. యోగక్షేమాలు అడిగాకే ఓటీపీ అడిగాను. అంతటి మర్యాదస్తురాలిని.

ఆమె కళ్ళద్దాలు వెతుక్కుని చెప్పేలోగా దాని టైం అయిపోయింది. ఇంకొకటి పంపించుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ మొదటి రింగుకే ఎత్తారు. ఈసారి ఒక అంకె తప్పు చదివారు. నాకు చిరాకేసి, "సరిగ్గ చూసి చెప్పుండ్రి ఆంటీ" అని కసిరినట్టే అన్నాను. వెనకాల సార్ దగ్గు వినబడుతూనే ఉంది. మూడోసారి చేస్తే ఆమె నన్నేమీ అడగకుండా ఆరంకెలూ ఒక్కొక్కటే చెప్పారు. సిఫార్సు అందిందని తెర మీద వచ్చింది. నేను చేతులకు శానిటైజర్ రాసుకుని నా పనిలోకి వెళ్ళిపోయాను.

బెడ్డు మర్నాడు మధ్యాహ్నం దొరికిందట. ఆ మర్నాడు పొద్దున ల్యాబు గ్రూపులో సార్ ఫొటో పెట్టారు. అందరం కింద దండం బొమ్మలు పెట్టాం. శవాన్ని ఇంటికి ఇవ్వలేదు, మమ్మల్ని ఎవరూ రానివ్వలేదు. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూనే, ఉత్తరం ముందే వెళ్ళిపోయింది నయం అనిపించింది. అలా అనిపించినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో జరిగింది. మీ మేనేజరు గురించి చెప్పమంటే, చాలా ఖచ్చితమైన మనిషి అన్నాను. పోయారని మాత్రం చెప్పలేదు. చెబితే తేదీలు చూసి, చావుబతుకుల్లో ఉన్న మనిషి ఉత్తరం ఎలా పంపారంటారని భయం. సీటు వచ్చింది.

వానలు మొదలయ్యాక పటాన్‌చెరులో వాళ్ళింటికి వెళ్ళాను. తప్పు ఒప్పుకోవాలని వెళ్ళి, తీసుకెళ్ళిన పండ్ల కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆంటీ చాయ్ పెట్టి తెచ్చారు. అది అందుకుంటూ అన్నాను.

"ఆ రోజు అన్నిసార్లు ఫోన్ చేసి మిమ్మల్ని తిప్పలు పెట్టిన ఆంటీ."

"బెడ్డు దొరికిందనుకున్న బిడ్డా" అన్నారు ఆమె. ఆ గొంతులో కోపం లేదు. "ఫోన్ మోగంగనే ఒక చేత్తోని ఎత్తి, ఇంకో చేత్తోని ఆయనను లేపి కూసోబెట్టిన, అంగీ అందుకున్న. నువ్వని తెల్వంగనే మళ్ళ పండుకోబెట్టిన. రెండోసారి గూడ గట్లనే లేపిన. మూడోసారి మోగితే, ఇగ నన్ను లేపకు అన్నడు. గా పిల్లనే అయి ఉంటది, జల్దీ నంబరు చెప్పు, పాపం దాని పని ఆగుతది అన్నడు."

ఒళ్ళో ఉన్న పండ్ల కవరు తీసి ఆమె పక్కన పెట్టాను.

"సీటొచ్చిందా మరి?" అని అడిగారు.

వచ్చిందన్నాను.

"పోనీ తియ్యి" అన్నారు ఆంటీ. "గదన్న అయింది."