బావ రెండో ప్రశ్న

కిందటి నెల ఒక సాయంత్రం మా బావ తన సొంత భార్యను కూరగాయల సంచులతో సహా గుమ్మం బయట నిలబెట్టి, పాలగిన్నె మూత ఏ రంగో చెప్పమన్నాడు.

"నేనేనండీ, తలుపు తీయండి!" అంది మా అక్క.

"నేనే అని ఎవరైనా అంటారు. మూత రంగు?"

"దానికి మూతెక్కడిది? పోయిన వారం మీరే విరగ్గొట్టారుగా!"

"మా ఆవిడే," అని తలుపు తీశాడు.

బావకున్న జబ్బల్లా ఇదే. మొదటి జవాబు నమ్మడు. టాక్సీ అతన్ని నాలుగో వీధి తెలుసా అంటాడు. తెలుసంటే, మలుపులో ఏ దుకాణం ఉందంటాడు. ఆ పరీక్ష నెగ్గిన టాక్సీ దొరికేలోగా మేం నడిచి ఇల్లు చేరిపోయేవాళ్లం.

వాళ్లింట్లోనే ఉంటున్న మా అమ్మను కూడా వదల్లేదు.

"బాగున్నారా అత్తయ్యా?"

"ఆఁ."

"కాఫీయా, టీయా?"

"ఆఁ."

రెండూ తెచ్చి ముందు పెట్టేవాడు. ఆ తర్వాత నుంచి ఆవిడతో పీపాలోంచి మాట్లాడినట్టు బొంగురు గొంతుతో మాట్లాడటం మొదలెట్టాడు. "పెద్దావిడతో ఆటలేమిటండీ?" అని అక్క కసిరేది. అది చాలదన్నట్టు, కిలకిలమనే కాలింగ్ బెల్ పీకేసి ఓడ కూతలాంటిది బిగించాడు. వీధంతా తిట్టిపోసింది.

ఆయన ఉద్యోగమే అంత. కంప్యూటర్ ఒక యంత్రాన్ని నడపాలంటే మధ్యలో డ్రైవర్ అనే ప్రోగ్రాము ఉండాలి. యంత్రంలోని కంట్రోలర్ కార్డును అది ముందు నంబరు అడుగుతుంది. నంబరును బట్టి కార్డు ఏ తరానిదో తెలుసుకుని, ఆ తరానికి అర్థమయ్యే ఆదేశాలిస్తుంది. అచ్చు యంత్రాలకు అలాంటి డ్రైవర్లు రాయడం బావ పని.

నేను పనిచేసేది సాయంకాలపు పత్రికలో. మధ్యాహ్నం అచ్చు మొదలవ్వాలి. మొన్న ప్రెస్సుకు కొత్త కంప్యూటర్ పెట్టారు. మీట నొక్కగానే యంత్రం గుర్రుమని, మొదటి పేజీ మొత్తం నల్లగా పులిమి ఆగిపోయింది. ఆ పాత ప్రెస్సును తుక్కుకు అమ్మేసి అచ్చు బయట వేయిస్తానని యజమాని ఎప్పట్నుంచో అంటున్నాడు. అమ్మితే ఫోర్‌మన్, ఆయన మనుషులు ఇంటికే.

బావకు ఫోన్ చేశాను.

"ఎవరు?"

"నేనే బావా!"

"మా పెళ్లిలో నువ్వేం పోగొట్టుకున్నావ్?"

"చెప్పులు! ముందు నువ్వు రా!"

వచ్చాడు. ల్యాప్‌టాప్ తగిలించాడు. "సిరా వదిలే కార్డు మూడో తరమని చెబుతోంది. రెండో ప్రశ్న అడుగుదాం."

"అది చెప్పింది కదయ్యా!" యజమాని గడియారం చూపించాడు.

"చెప్పిందండి. మూడో తరం కార్డులో అంకెలు దాచుకునే అర ఒకటి ఎక్కువుంటుంది. అందులో ఏడు పెట్టి, తిరిగిమ్మంటాను."

కార్డు సున్నా ఇచ్చింది.

"రెండో తరం!" బావ చిటికె వేశాడు. "ఫ్యాక్టరీలో నంబరు తప్పు ఎక్కించారు. పాత కంప్యూటర్‌కి రెండో తరం మాటలే వచ్చు కాబట్టి ఇన్నాళ్లూ గడిచిపోయింది. కొత్తది నంబరు నమ్మి మూడో తరం మాటలు మాట్లాడింది. పాపం, ఇది అర్థం కాకపోయినా తలూపింది."

ఆ ప్రశ్నను డ్రైవర్‌లోనే రాసిపడేశాడు. మీట నొక్కారు. ప్రెస్సు ఊగింది, ఉరిమింది, కాగితం పరుగందుకుంది. ఫోర్‌మన్ బావను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. ఆ చేతుల సిరాతో మా తొలి ప్రతి బావ చొక్కా మీదే అచ్చయింది.

"ఎంతైనా పాతది. మార్చేద్దామా?" అన్నాడు యజమాని.

"ఎందుకండీ? దానికి తెలిసిన మాటల్లో చెబితే చక్కగా చేస్తోందిగా."

తుక్కు మాట మళ్లీ ఎత్తలేదాయన.

వేడివేడి పత్రిక పట్టుకుని ఇద్దరం ఇంటికెళ్లాం. అక్క బయటికెళ్లింది, అమ్మ ఒక్కతే ఉంది. బావ బెల్ నొక్కాడు. ఓడ కూసింది. ఒక్క కూతకే లోపల అమ్మ కుర్చీ జరిగిన చప్పుడు. పాత బెల్ ఎన్నిసార్లు నొక్కినా కదిలేది కాదు. కాఫీయా టీయా అంటే "ఆఁ" అన్న అమ్మ గుర్తొచ్చి బావ వంక చూశాను.

"సన్నటి శబ్దాలు అందట్లేదావిడకి. చెప్పుకోడానికి మొహమాటం," అన్నాడు మెల్లగా. "నీకు తెలిసినట్టు ఉండకు."

"ఎవరూ?" లోపల్నుంచి అమ్మ.

"నేనే అత్తయ్యా!" పీపా గొంతుతో బావ.

"నేనే అని ఎవరైనా అంటారు. కాఫీయా, టీయా?"

"ఆఁ," అన్నాడు బావ.

రెండూ వచ్చాయి.